కోడి సగటు తినదు

దాణా మిల్లుల్లో కొత్తగా ఉద్యోగానికి చేరినవాళ్లు అప్పుడప్పుడు దక్షిణాఫ్రికాలో, నార్త్‌డేల్‌లో ఉన్న మా ఇంటికి వస్తుంటారు. బాపట్ల నుంచో హైదరాబాదు నుంచో డిగ్రీలు పట్టుకుని దిగినవాళ్లు కొందరు, ఇక్కడే పుట్టి ఇక్కడే చదువుకున్నవాళ్లు కొందరు. టీ తాగుతూ అందరూ అడిగేది ఒకటే: అంకుల్, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారు? నేను సున్నపురాయి గురించి మొదలుపెడతాను. సగంలోనే వాళ్లు ఫోను చూసుకుంటారు. అందుకే రాసి పెడుతున్నాను. తీరిక ఉన్నప్పుడు చదువుకోండి, లేకపోతే మీ ఖర్మ.

నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ సభలో ఎవరు శాలువా కప్పారో ఇందులో ఉండదు. వాటివల్ల పడిపోయిన కోడి ఒక్కటి కూడా లేచి నిలబడలేదు. పశువుల దాణాలోనూ కోళ్ల దాణాలోనూ వేసే దినుసుల్లో ఖనిజాలు ఎంతెంత ఉన్నాయో చూడటం నా పని. వినడానికి చప్పగా ఉంటుంది. నా పెళ్లి చూపుల్లో మా మామగారు ఈ మాట విని, అదీ ఒక ఉద్యోగమేనా అన్నట్టు మా నాన్న వైపు చూశారు. ఆయన చూపులో తప్పు లేదని చాలాకాలం తర్వాత నాకూ అనిపించింది, కాకపోతే వేరే కారణానికి.

పుస్తకంలో అంకె

దాణా ఎలా తయారవుతుందో ముందు చెప్పాలి. మొక్కజొన్న, సోయా పిండి, తవుడు, చేప పొడి, మొలాసిస్ అనే చెరకు మడ్డి, సున్నపురాయి పొడి, ఇలా పది రకాల దినుసులు ఉంటాయి. ఒక్కోదానిలో కాల్షియం ఎంత, ఫాస్ఫరస్ ఎంత, ఉప్పు ఎంత అన్నది కంప్యూటర్‌కి ముందే చెప్పి ఉంచుతారు. అది లెక్కకట్టి, ఏది ఎంత కలపాలో చెబుతుంది. ఆ అంకెలు ఎక్కడివి? పుస్తకాల్లోవి. ఆ పుస్తకాలు ఎక్కడివి? ఎక్కడో చలిదేశాల్లో, వాళ్ల నేలలో పండిన పంటల మీద వాళ్లు కట్టిన లెక్కలు. మన లారీలో వచ్చిన సరుకుకి ఆ పుస్తకం చదివే అలవాటు లేదు.

నేను చేరిన కొత్తలోనే ఈ సంగతి తెలిసింది. బ్రాయిలర్ కోళ్ల దాణాలో మొలాసిస్ కలిపేవాళ్లం. చెరకు మొలాసిస్‌లో పొటాషియం ఎక్కువ. ఎంత ఎక్కువన్నది ఏ చక్కెర మిల్లు నుంచి వచ్చింది, ఆ చెరకు ఏ నేలలో పెరిగింది అన్నదాన్ని బట్టి మారిపోతుంది. పొటాషియం ఎక్కువైతే కోళ్లు తెగ నీళ్లు తాగుతాయి, రెట్ట పలచబడుతుంది, షెడ్డు నేలంతా బురదవుతుంది. ఒక రైతు షెడ్డు అలాగే అయింది. మా సేల్స్‌వాళ్లు వెళ్లి, నీ నీళ్ల పైపులు కారుతున్నాయని ఆయన్ని తిట్టి వచ్చారు. పాపం ఆయన పైపులన్నీ మార్చుకున్నాడు. బురద అలాగే ఉంది. నేను ఆ ట్యాంకర్ మొలాసిస్ పరీక్షించి, దాణాలో దాని వాటా తగ్గించాక నేల ఆరింది.

ఆ రైతుకి మా మిల్లు నుంచి సారీ అన్నవాళ్లు లేరు. పైపులు మార్చాకే బాగుపడిందని ఆయన ఇప్పటికీ అనుకుంటూ ఉండొచ్చు. దినుసులో తేడా వచ్చినప్పుడు మొదట తిట్లు తినేది దాన్ని మేపిన మనిషే. ముందు ఈ ఒక్క సంగతి బుర్రలో పెట్టుకోండి, సాఫ్ట్‌వేర్ తర్వాత నేర్చుకోవచ్చు.

శుక్రవారం బకెట్

ఈ దేశంలో నల్లవాళ్లు మొదటిసారి ఓటేసిన ఎన్నికలైన మరుసటి ఏడాది నేను ఇక్కడికి వచ్చాను. పీటర్‌మారిట్జ్‌బర్గ్ శివార్లలో మా మిల్లు. అంతకుముందు ఆ ల్యాబులో నా రంగు మనిషి కూర్చున్న దాఖలా లేదు. క్యాంటీన్‌లో తెల్లవాళ్ల గదికీ మిగతావాళ్ల గదికీ మధ్య గోడ అప్పుడే పడగొట్టారు, ఇటుకల గుర్తులు ఇంకా నేల మీద ఉండేవి. అందరూ కలిసే తినాలి కాబట్టి, ఎవరి మునుపటి మూలలో వాళ్లు కూర్చుని కలిసే తినేవాళ్లం.

మేనేజర్ పేరు బ్రయన్. అతను దుర్మార్గుడని రాసేస్తే నా పని తేలికైపోయేది. కాని నాకు అద్దె ఇల్లు దొరక్క తిరుగుతుంటే తన కారులో వీధివీధీ తిప్పి ఇల్లు చూపించింది అతనే. మా పెద్దవాడికి కామెర్లు వస్తే ఆసుపత్రిలో మాట చెప్పిందీ అతనే. మీరు కూడా మీ బాసుల్లో రాక్షసుల కోసం వెతక్కండి. దొరకరు. మర్యాదస్తులే ఉంటారు.

ఆ మిల్లులో ఒక పద్ధతి ఉండేది. సున్నపురాయి పొడి లారీ వచ్చినప్పుడల్లా ఒక పారెడు తీసి బకెట్‌లో వేసేవాళ్లు. వారమంతా వచ్చిన లారీలన్నిటి నుంచీ అలాగే. శుక్రవారం ఆ బకెట్ బాగా కలిపి, ఒక సీసాడు నాకు పంపేవాళ్లు. నేను పరీక్ష చేస్తే కాల్షియం ఎప్పుడూ కొంచెం అటూ ఇటూగా సరిగ్గానే వచ్చేది. బ్రయన్‌కి ఆ బకెట్ అంటే గర్వం. ప్రతి లారీకీ లెక్క దొరుకుతుంది, ఏ లారీ తప్పించుకోదు అని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు.

నిజానికి ఆ బకెట్‌లో లారీలన్నీ తప్పించుకునేవి. నాలుగు లారీలు మంచివీ ఒకటి చెడ్డదీ వస్తే, ఆ చెడ్డది నాలుగు మంచివాటి చాటున దాక్కునేది. సగటు చూస్తే అంతా బాగుంటుంది. కాని కోడి సగటు తినదు. ఇవాళ తొట్టిలో ఏ లారీ సరుకు పడితే అదే తింటుంది. గుడ్లు పెట్టే కోడికి పెంకు కోసం రోజూ కాల్షియం కావాలి. దాణాలో లేకపోతే అది తన ఎముకల్లోంచి లాగి పెంకు కడుతుంది. వచ్చేవారం ఎక్కువ పెడతాను, ఈ వారం సర్దుకో అంటే గుడ్డు ఆగదు.

ప్రతి లారీకీ విడిగా పరీక్ష చేద్దామని అడిగాను. పరీక్ష మందులు దండగ, మనుషులు లేరు, ఇన్నాళ్లూ ఫిర్యాదు రాలేదు అన్నాడు బ్రయన్. ఫిర్యాదు వచ్చేదాకా ఆగడమే ఆ మిల్లు శాస్త్రం.

గ్రేస్ అక్క

దాణా బస్తాలు తీసుకోవడానికి వచ్చిన ఒకావిడ, ల్యాబ్ తలుపు మీద నా పేరు చూసి లోపలికి వచ్చింది. అరవైకి దగ్గర వయసు, చేతిలో బైబిల్ ఉన్న సంచీ. ఇండియా నుంచి వచ్చిన తెలుగువాడివేనా అని ఇంగ్లిషులో అడిగింది. అవునన్నాను. అప్పుడు తెలుగులోకి దిగింది. మా తాతమ్మ నోట్లో కూడా విననంత పాత తెలుగు, దాన్లో మాటల తోకలు సగం ఎక్కడో ఊడిపోయి ఉన్నాయి. ఆమె పేరు గ్రేస్. సముద్రం దగ్గర ఉంజింటో అనే ఊళ్లో ఉంటుంది. ఆమె తాతలు చెరకు కొట్టడానికి ఓడలో వచ్చినవాళ్లు. నాన్న గుడిలో భజనలు పాడేవాడట, ఈమె పెళ్లయ్యాక పెంతెకోస్తు సంఘంలో చేరింది. నన్ను ఆ రోజు నుంచే తమ్ముడూ అంది. నేనూ అక్కా అన్నాను. ఇంటికి దూరంగా ఉన్నప్పుడు అక్క దొరకడం ఎంత పెద్ద సంగతో వచ్చినవాళ్లకే తెలుస్తుంది.

కొత్త ప్రభుత్వం అప్పుడు చిన్న రైతులకోసం పథకాలు పెడుతోంది. ఉంజింటో బయట చెరకు కంపెనీ వదిలేసిన నేల చెక్క ఒకటి కొందరు ఆడవాళ్ల గుంపుకి ఇచ్చారు. ఇద్దరు ముగ్గురు మనవాళ్లు, మిగిలినవాళ్లు జూలూ ఆడవాళ్లు. షెడ్డు కట్టించి, గుడ్ల కోళ్లు ఇచ్చారు. ఒక ఏడాది మంద బాగా నిలబడితే ఆ నేల వాళ్ల పేరున రాస్తారు. మంద పాడైతే నేల వెనక్కి పోతుంది. గ్రేస్ అక్కా, మాఖుమాలో అనే జూలూ పొరుగావిడా ఆ గుంపుకి పెద్దలు. ఇద్దరూ ఒకే కంపెనీ చెరకు తోటల్లో పుట్టి పెరిగినా, ఇన్నేళ్లలో ఒకరి ఇంట్లో ఒకరు కూర్చున్నది లేదు. ఇప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని గుడ్లు తుడుస్తున్నామని గ్రేస్ అక్క నాకు ఎంతో గొప్పగా చెప్పింది. ఆ నేల మీద ఆమె పెట్టుకున్న ఆశ అంతా ఇంతా కాదు. మా తాత ముత్తాతలు వంగి వంగి చచ్చిన నేల, నా పేరున ఒక్క మడి ఉంటే చాలంది.

ఆరునెలలు గడిచాయో లేదో ఫోన్ చేసింది.

"తమ్ముడూ, కోళ్లు పడిపోయి. లేవలా. నీళ్లు మార్చి, ప్రేయర్ చేసి, ఏమీ లేదు. గుడ్డు పట్టుకుంటే చేతిలోనే చితికి. మీ మిల్లువాళ్లు వచ్చి, మీకు పెంచడం రాదు అని చెప్పి పోయారు. నువ్వొకసారి రా."

వెళ్లాను. కోళ్లు పక్కకి వాలి ఉన్నాయి, కళ్లు మాత్రం చురుగ్గానే ఉన్నాయి. రెట్ట పలచగా ఉంది. చచ్చిన కోడి కాలి ఎముక విరిచి చూశాను. ఆరోగ్యంగా ఉన్న ఎముక టక్కున విరుగుతుంది. ఇది లేత బెండకాయలా వంగింది. షెడ్డు శుభ్రంగా ఉంది, నీళ్లు బాగున్నాయి, వెలుతురుకి లోటు లేదు. వాళ్లకి పెంచడం వచ్చు. మాకు దాణా చేయడమే రాలేదు.

బస్తాల మీద బ్యాచ్ ముద్రలు వేరువేరుగా ఉన్నాయి. ఒక్కో బ్యాచ్ నుంచి కొంచెం కొంచెం తీసి విడివిడిగా కట్టుకున్నాను. పరీక్ష అయ్యేలోగా కోళ్లని బతికించాలి కదా. మా ఊళ్లో ఆల్చిప్పలు దంచి కోళ్లకి వేయడం చిన్నప్పటి నుంచీ చూశాను, చదువులోనూ అదే చెప్పారు. సముద్రం దగ్గరే ఉంది, గుల్లలు ఏరి, కడిగి, ఎండబెట్టి, దంచి విడిగా తొట్టిలో వేయమని చెప్పాను. మాఖుమాలో ఆడవాళ్లని వెంటేసుకుని ఒడ్డుకి వెళ్లింది. వాళ్లు రోట్లో గుల్లలు దంచుతుంటే నేను కూడా కాసేపు పోటు వేశాను. పది రోజులు తిరిగేసరికి మరీ పాడవని కోళ్లు లేచి నడిచాయి. మరీ చితికినవి మాత్రం లేవలేదు.

రెండు గనులు

పరీక్షలో తేలింది ఇది. కొన్ని బ్యాచ్‌లు బాగానే ఉన్నాయి. కొన్నిట్లో కాల్షియం దాదాపు సగానికి పడిపోయింది, మెగ్నీషియం మాత్రం విపరీతంగా ఉంది. అది ఎక్కువైతే రెట్ట పలచబడుతుంది, ఉన్న కాల్షియం కూడా ఒంటికి పట్టదు. మెగ్నీషియం సంగతి లేబుల్ మీద రాయరు కాబట్టి దాని కోసం వెతికేవాళ్లు లేరు. నేను ఆ వారం నుంచి, ఎవరూ చెప్పకుండానే, లారీ లారీకీ విడిగా పరీక్ష చేశాను. మాకు సరఫరా చేసేవాడికి రెండు గనులు ఉన్నాయి. ఒకదాని రాయి కోళ్లకి పనికొచ్చేది. రెండోదానిది చెరకు తోటల్లో పులుపెక్కిన నేలకి చల్లే రాయి, దాన్లో మెగ్నీషియం ఎక్కువ. మొదటి గనిలో సరుకు తక్కువైన రోజున రెండోదాని నుంచి లారీ నింపి పంపేవాడు. కంటికి రెండూ ఒకే బూడిద రంగు.

ఈ లెక్కలన్నీ తీసుకెళ్లి బ్రయన్ ముందు పెట్టాను. అతను ఓపిగ్గా చదివాడు. లేచి నా భుజం తట్టాడు. ఇంత మంచి పని ఈ మిల్లులో ఇంతవరకు ఎవరూ చేయలేదన్నాడు. ఇకనుంచి ప్రతి లారీకీ విడి పరీక్ష ఉంటుందని అక్కడికక్కడే చెప్పాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి నా భార్యతో, ఈ దేశం రావడం మంచిదే అయిందన్నాను. అంత సంబరపడిన రోజు నా ఉద్యోగంలో మళ్లీ రాలేదు.

నెల తిరిగాక గోదాములోకి వెళితే సున్నపురాయికి రెండు పెద్ద తొట్లు కనిపించాయి. ఒకటి మంచిదానికి, రెండోది ఆ గని సరుకుకి. మంచి తొట్టి నుంచి పైపు ట్యాంకర్ దాణా వైపు పోతోంది. అది పెద్ద పెద్ద ఫారాలకి వెళ్లే దాణా. రెండో తొట్టి పైపు బస్తాల వైపు తిప్పారు. దాన్లో సరుకు ఉన్నన్నాళ్లు బస్తాలకి అదే, అది అయిపోతే అప్పుడు మంచిది. పెద్ద ఫారాలవాళ్లకి సొంత ల్యాబులు ఉంటాయి, లాయర్లు ఉంటారు. బస్తా కొనేవాళ్లకి ప్రార్థన ఉంటుంది.

అప్పటిదాకా ఆ తేడా ఎవరి నెత్తిన పడుతుందో ఎవరికీ తెలియదు, ఒక్కోసారి పెద్దవాళ్ల నెత్తినా పడేది. నేను ఏది ఏదో విడదీసి చెప్పాక, దాన్ని ఎవరి నెత్తిన వేయాలో వాళ్లకి తెలిసిపోయింది. బ్రయన్ గదిలోకి వెళ్లి అడిగాను. అతను కోపం తెచ్చుకోలేదు.

"ఆ సరుకు కొనేశాం. సముద్రంలో పారబోయలేం కదా. ఎక్కడో ఒకచోటికి పోవాలి. ఎవరు తట్టుకోగలరో చూసి పంపిస్తున్నాం."

తట్టుకోగలరు అని అతను ఎవరిని అన్నాడో నాకు వెంటనే అర్థం కాలేదు. నష్టపోతే తిరిగి మన మీద పడలేనివాళ్లని. ఈ ఒక్క మాట కోసమే నేను ఇదంతా రాస్తున్నాను అనుకున్నా తప్పులేదు. మీ పరీక్ష ఫలితం మీ చేతిలో నుంచి పోయాక ఎక్కడికి పోతుందో వెంట నడిచి చూడండి. నేను నెల ఆలస్యంగా చూశాను.

అందరికీ ఒకే రూల్

గ్రేస్ అక్కవాళ్లు పథకం ఆఫీసులో ఫిర్యాదు పెట్టారు. నేను వాళ్లతో వెళ్లి అంతా చెప్పాను. బ్రయన్ వద్దని మర్యాదగానే హెచ్చరించాడు, అయినా వెళ్లాను. ఆఫీసరు తాండెకా అనే అమ్మాయి. చదువుకున్నది, లంచం మాట ఎత్తితే తన్ని తగలేసే రకం. ఆ ఆఫీసులో మునుపు తనలాంటి నల్లవాళ్లు కిటికీ బయట నిలబడి దరఖాస్తులు ఇచ్చేవాళ్లు. మేం చెప్పినదంతా శ్రద్ధగా విన్నది. ఏకపక్షంగా పోనని, తానే స్వయంగా శాంపిల్ తీసి ప్రభుత్వ ల్యాబుకి పంపుతానని చెప్పింది. నా పరీక్షలు చెల్లవంది, మిల్లు జీతగాడివి, మేనేజరుతో నీకు గొడవ ఉందని మిల్లువాళ్లు చెప్పారంది. అదీ న్యాయమే. బ్రయన్ తన శుక్రవారం బకెట్ ఫలితాలు ఏళ్ల తరబడివి తెచ్చి ఇచ్చాడు. అన్నీ చక్కగా ఉన్నాయి.

తాండెకా షెడ్డుకి వచ్చిన రోజున బస్తాలు కొన్ని పాతవి, కొన్ని ఆ వారమే వచ్చినవి. ఆమె శుభ్రమైన బేసిన్ ఒకటి తెచ్చింది. చేతులకి తొడుగులు వేసుకుని, ఒక్కో బస్తా విప్పి, ఒక్కో గుప్పెడు తీసి బేసిన్‌లో వేయడం మొదలుపెట్టింది. నేను అడ్డం వెళ్లాను. బ్యాచ్ ముద్రలు చూపించాను. ఏ ముద్రకి ఆ ముద్ర విడిగా తీయమని, కలిపితే మంచిదీ చెడ్డదీ కలిసి ఏమీ తెలియదని బతిమాలాను. ఆమె పని ఆపి నావైపు తిరిగింది.

"నువ్వు చూపించిన బస్తాలే తీస్తే మిల్లువాళ్లు ఒప్పుకోరు. వాళ్లు చూపించినవే తీస్తే మీరు ఒప్పుకోరు. ప్రతి బస్తాకీ ఒక గుప్పెడు. ఇంతకాలం ఈ దేశంలో ఒకరికో రూలు ఇంకొకరికో రూలు నడిచింది. నేను ఉన్నచోట అలా నడవదు."

అక్కడున్న ఆడవాళ్లు ఆ మాటకి చప్పట్లు కొట్టారు. గ్రేస్ అక్క కూడా కొట్టింది. వాళ్లని ఏమనగలను? ఎవరూ అడగకుండానే వాళ్లని సమానంగా చూసిన మొదటి ఆఫీసరు ఆ అమ్మాయి. అంత నిజాయితీగా, అంత శుభ్రమైన చేతులతో, మా మిల్లు బకెట్‌నే ఆమె ఆ షెడ్డులో మళ్లీ కలిపింది. బ్రయన్ గోడకి ఆనుకుని నిలబడి చూస్తున్నాడు. బేసిన్ నిండాక, ఈ అసౌకర్యానికి విచారిస్తున్నానని చెప్పి, షెడ్డులో మిగిలిన బస్తాలన్నీ వెనక్కి తీసుకుని ఉచితంగా కొత్తవి దింపించాడు. ఆడవాళ్లు థ్యాంక్స్ చెప్పారు. ఇక ఎక్కడా ఆ ముద్రల బస్తా ఒక్కటి కూడా మిగల్లేదు.

ఫలితం వచ్చింది. కాల్షియం అనుమతించిన హద్దుల్లోనే ఉంది. మెగ్నీషియం ఎంతో ప్రభుత్వ ల్యాబు చూడనే లేదు, లేబుల్ మీద లేదు కదా. తాండెకా రిపోర్టులో ఇంకొక వాక్యం ఉంది: గుంపులోని ఆడవాళ్లు తమ సంప్రదాయం ప్రకారం పథకం అనుమతి లేని సముద్రపు గుల్లలు కోళ్లకి మేపారు, మంద పాడవడానికి అది కారణం కావచ్చు. అది చదివి నేను ఒళ్లు మండి ఆఫీసుకి వెళ్లాను. గుల్లలు మేపమన్నది నేను, అవి మేపాకే కోళ్లు లేచాయి, ముందు కాదు, రాసుకోండి అన్నాను. అప్పటికి తాండెకాని వేరే జిల్లాకి మార్చారు. కొత్తగా వచ్చినతను ఫైలు మూసేశామన్నాడు. సంప్రదాయం అన్న మాట ఆ అమ్మాయి సొంతంగా కల్పించిందనుకుని, ఆమెను ఇన్నేళ్లూ తిట్టుకున్నాను.

నేల వెనక్కి పోయింది. కోళ్లని కూరకి అమ్మేశారు. షెడ్డుని తర్వాత ఒక పెద్ద గుడ్ల కంపెనీ తీసుకుంది, వాళ్లకి మా మిల్లు నుంచి ట్యాంకర్లలో దాణా వెళ్లేది. మాఖుమాలో మళ్లీ ఒకరింట్లో పనికి కుదిరింది. నన్ను ల్యాబు నుంచి తీసి సేల్స్‌లో వేశారు. కొంతకాలానికి నేను వేరే కంపెనీ చూసుకున్నాను. అక్కడ బకెట్ లేదు, దాని బదులు అదే లెక్క చేసే కంప్యూటర్ ఉండేది.

ఇంకో మాట

మీకు చెప్పాల్సిన పాఠాలు దాదాపు అయిపోయాయి. శాంపిల్ ఎవరు తీశారు, ఎలా తీశారు అన్నది తెలియకుండా ఏ అంకెనీ నమ్మొద్దు. సమంగా కలపడం వేరు, న్యాయం వేరు. మంచివాళ్లు తప్పు పద్ధతిలో పనిచేస్తే చెడ్డవాళ్లకి ఇక కష్టపడాల్సిన అవసరం ఉండదు. కొన్నాళ్లు కాలేజీలో పాఠాలు చెప్పినప్పుడు ఇవి తరగతిలో కూడా చెప్పాను. పిల్లలు రాసుకున్నారు, పరీక్షలో రాశారు, ఉద్యోగాల్లో చేరి బకెట్లు కలుపుకుంటున్నారు.

నేను రిటైరయిన తర్వాత గ్రేస్ అక్క కబురు పంపింది. ఇప్పుడు డర్బన్‌లో, గ్రీన్‌వుడ్ పార్క్‌లో కూతురి దగ్గర ఉంటోంది. నడవలేదు, కుర్చీలో కూర్చునే ఉంటుంది. మాట మాత్రం తగ్గలేదు. మాఖుమాలో పోయిందని చెప్పింది. ఆ చావుకి తాను వెళ్లి పాట పాడిందట. కాసేపటికి మాట కోళ్ల మీదకి వచ్చింది. ఆ తర్వాత మళ్లీ కోళ్లు పెంచలేదా అని అడిగాను. చెయ్యి ఊపింది.

"పెంచలా తమ్ముడూ. ఆ గుల్లలు పెట్టి మేమే పాడు చేసి. ఆఫీసర్ పిల్ల మళ్లీ ఒకసారి వచ్చి, నువ్వు లేనప్పుడు, దాణా టెస్టులో బాగుంది, గుల్లలే తప్పు అని చెప్పి, ఎవరు చెప్పారు గుల్లలు అని అడిగి. నీ పేరు చెప్పలా. మా అవ్వ చెప్పింది, ఇండియా పద్ధతి అని చెప్పి. నీకు వర్క్ పర్మిట్ పోతే ఎలా, చిన్న పిల్లలు. ఆ రాత్రే మోకాళ్ల మీద కూర్చుని నిన్ను ఫర్‌గివ్ చేసి. అప్పట్నుంచి ఒక్కరోజు కూడా నీ మీద కోపం లేదు."

ఆ రిపోర్టులోని వాక్యం తాండెకా కల్పించింది కాదు. నన్ను కాపాడటానికి అక్క తన నోటితో చెప్పిన అబద్ధం. ఆ అబద్ధంతోనే ఆమె నేల పోయింది. పైగా తప్పు నాదేనని నమ్మి, నన్ను క్షమించి, ఇన్నేళ్లూ నాకోసం ప్రార్థన చేస్తూ వచ్చింది.

అప్పుడు అంతా మళ్లీ మొదటినుంచీ చెప్పాను. రెండు గనులు, రెండు తొట్లు, బేసిన్, ముద్రలు. గుల్లలే కోళ్లని లేపాయని, మీ చేతుల్లో ఏ తప్పూ లేదని, నా గొంతు పెద్దదైపోతున్నా ఆపకుండా చెప్పాను. కూతురు వంటింట్లోంచి తొంగి చూసింది. అక్క నా చెయ్యి పట్టుకుని చివరిదాకా విన్నది. ఆమె కళ్లలో జాలి కనిపించింది, నా మీద.

"నాకు బాధ కలగకూడదని చెప్తా ఉన్నావు. నువ్వు మంచోడివి తమ్ముడూ. వదిలేయ్. ఫర్‌గివ్ అయిపోయి కదా, ఇంక ఎందుకు. చేపల పులుసు చేసి, తిను."

ముప్పై ఏళ్లు ఖనిజాలు తూచినవాణ్ని, ఆమెకి ఒక్క ముక్క నిరూపించలేకపోయాను. కూతురు కంచం తెచ్చి ముందు పెట్టింది. చేయని తప్పుకి క్షమాభిక్ష అందుకుని, పులుసు అన్నం తిని, ఇంటికి వచ్చేశాను.